చేతిపనికి వారసులెవరు?

సర్కారు కొలువులో ఒక మంచి పద్ధతి ఉంది. గుమాస్తా పదవీ విరమణ చేసేనాడు ఫైళ్ల జాబితా, బీరువా తాళాలు, స్టాకు రిజిస్టరు తరువాతివానికి అప్పగిస్తాడు. ఛార్జి లిస్టు మీద ఇద్దరూ సంతకాలు చేస్తారు. మనిషి వెళ్లిపోయినా పోస్టు మిగులుతుంది. ఎవరో ఒకరు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటారు. మనమందరం ఆ విధంగా ఛార్జి తీసుకున్నవాళ్లమే, ఇచ్చి వచ్చినవాళ్లమే.

చేతిపని చేసే ఇళ్లలో ఈ ఏర్పాటు లేదు. బొమ్మలు చెక్కే పెద్దాయన చేయి వణికి ఉలి పక్కన పెట్టేనాటికి నేర్చుకున్న కుర్రవాడు దగ్గర లేకపోతే, ఆయనతోపాటు ఆ పోస్టు కూడా రద్దయినట్టే. ఆయనకు తెలిసిన విద్య ఏ రిజిస్టరులోనూ ఎక్కి ఉండదు. పూర్వం కొడుకు తండ్రి పక్కన కూర్చుని నేర్చుకునేవాడు. ఆ పని కూడు పెట్టనప్పుడు ఏ తండ్రి మాత్రం కొడుకును కూర్చోమంటాడు? మన పిల్లలకు మనం చెప్పినట్టే ఆయనా "చదువుకో నాయనా, ఉద్యోగం చూసుకో" అంటాడు. అందులో తప్పు లేదు.

అయినా మన తెలుగునాట కొన్ని చేతిపనులు ఆరిపోయే దీపంలా అయి, మళ్లీ వెలిగాయి. ఎలా వెలిగాయి? ఛార్జి ఎవరు ఎవరికి అప్పగించారు? మన కాలంలోనే జరిగిన నాలుగు ఉదాహరణలు ఈ ప్రత్యేక సంచిక పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మొదటిది శ్రీకాళహస్తి కలంకారీ. దీనికి అచ్చ తెలుగు పేరు వ్రాతపని. ఆ మాట మన గుమాస్తాలకు కొత్త కాదు గాని, మన వ్రాతపని వేరు, వారి వ్రాతపని వేరు. వెదురు పుల్ల కొసను చెక్కి, పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారంతో బిగిస్తే అదే వారి కలం. రంగులో ముంచి, గుడ్డను వేళ్లతో నొక్కుతూ గీత గీస్తారు. బట్టను ముందు కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరితే వచ్చే ద్రవంతో నల్ల గీతలు వేస్తారు. రంగు పట్టడానికి పటిక, ఆ తరువాత పారే నీటిలో జాడించడం, మళ్లీ ఆరబెట్టడం. ఒక్క బట్ట పూర్తికావడానికి ఎన్నోసార్లు నీళ్లలోకి, ఎండలోకి పోయి రావాలి. దేవాలయాలలో వేలాడదీసే రామాయణ భారత కథల తెరలు ఇలాగే తయారయ్యేవి. బొమ్మల పక్కన తెలుగులో కథ కూడా వ్రాసి ఉంటుంది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ తెరలు కావాలని అడిగేవారు తగ్గిపోయారు. పని తెలిసినవారు కొద్దిమందే మిగిలారు. హస్తకళల ఉద్ధరణకు జీవితమంతా పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో 1950ల చివరి భాగంలో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడింది. పాతతరం చిత్రకారులు జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు అందులో గురువుగా ఉన్నారు. ఇంట్లో తండ్రి కొడుకుకు చెప్పే విద్య బడిలో పాఠమైంది. అక్కడ నేర్చుకున్నవారు తరువాత మరికొందరికి నేర్పారు. లక్ష్మయ్య గారి కుమారులు గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఒకప్పుడు మగవారి చేతిలోనే ఉన్న ఈ పనిలోకి తరువాతి కాలంలో ఆడవారు ఎందరో వచ్చారు. ఇక్కడ వారసుణ్ణి ఇచ్చింది బడి.

ఇక రెండవది తోలుబొమ్మలు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఒక ఊరు ఉంది. 2022 దాకా అది అనంతపురం జిల్లాలోనిది. మరాఠీ మూలాలున్న కుటుంబాలు తరతరాలుగా అక్కడ తోలుబొమ్మలాట ఆడుతూ వచ్చాయి. మేకతోలును శుభ్రం చేసి, వెంట్రుకలు గీకి, వెలుగు ప్రసరించేటంత పలుచగా ఆరబెట్టి, బొమ్మ గీసి, నగల చోట సన్నని రంధ్రాలు పొడిచి, రెండువైపులా రంగులు వేస్తారు. వెనుక దీపం పెడితే ఆ రంధ్రాలలోంచి వచ్చే వెలుగే సీతమ్మవారి హారమవుతుంది. మన ఈడువారిలో పల్లెటూళ్లలో పుట్టినవారు తెల్లవారేదాకా చాపమీద కూర్చుని ఈ ఆట చూసినవారే.

సినిమా వచ్చింది, ఆ తరువాత టీవీ వచ్చింది. ఆటకు పిలిచే ఊళ్లు తగ్గాయి. ఆట లేకపోతే బొమ్మ ఎందుకు? అప్పుడు ఆ కుటుంబాలు ఒక ఉపాయం చేశాయి. తోలు అదే, ఉలి అదే, రంగులు అవే, వెనుక నుంచి వెలుగు రావాలన్న సూత్రమూ అదే. తయారయ్యే వస్తువు మాత్రం మారింది. దీపాల మీద పెట్టే గొడుగులు, గోడకు తగిలించే పటాలు, గదిని వేరు చేసే తెరలు చేయడం మొదలుపెట్టారు. హస్తకళల దుకాణాలలో, ప్రదర్శనలలో అవి అమ్ముడుపోయాయి. చిన్నతనం నుంచి ఆట ఆడుతూ, బొమ్మలు చేస్తూ వచ్చిన దళవాయి చలపతిరావు గారిని 2020లో పద్మశ్రీకి ఎంపిక చేశారు. ఆట మునుపటిలా లేదన్నది నిజం. పాట, వాచికం, కేతిగాడి హాస్యం లాంతరు గొడుగులో పట్టవు. కాని తోలు కోసే చేయి నిలిచింది. చేయి నిలిస్తే ఏనాడైనా ఆట తిరిగి రావచ్చు. చేయి పోతే రెండూ పోతాయి.

మూడవ ఉదాహరణ తెలంగాణ నుంచి. పోచంపల్లి చీరలు మన ఇళ్లలో అందరికీ తెలుసు. చిటికి కట్టి రంగు అద్దడానికి ముందు పేక దారాన్ని ఒక పద్ధతిలో పోయాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒకవైపు ఒక గూటం, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా గూటాలు ఉంటాయి. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఈ పని ఇంటి ఆడవారిది. మగ్గం మీద కూర్చున్నవాని పేరు నలుగురికీ తెలుస్తుంది, ఆసు పోసిన ఆమె భుజం నొప్పి ఎవరికీ తెలియదు.

ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి బాధ చూశారు. ఆయన చదువు ఆరవ తరగతితో ఆగిపోయింది. 1992లో యంత్రం తయారీకి పూనుకున్నారు. అప్పులు, నలుగురి ఎగతాళి, మధ్యలో బతుకుతెరువుకు హైదరాబాదులో చిన్న పనులు. చివరకు 1999లో యంత్రం పూర్తయింది. దానికి లక్ష్మీ ఆసు యంత్రమని తల్లి పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది.

యంత్రం వస్తే చేతిపని చచ్చిపోతుందని సాధారణంగా అనుకుంటాం. ఇక్కడ యంత్రం నేతను తీసివేయలేదు, నేత ఇంటి ఆడవారి భుజం మీది బరువును తీసివేసింది. తల్లి నొప్పితో మూలిగే ఇంట్లో ఆ వృత్తి నేర్చుకోవాలని ఏ బిడ్డకు మాత్రం అనిపిస్తుంది? వారసులు రావాలంటే ముందు ఆ పని మనిషి భరించగలిగేదిగా ఉండాలి.

నాలుగవది వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. ఒకప్పటి విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ ఉలితో రూపు తెస్తారు. తిరుగుతున్న బొమ్మకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే ఆ వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. లక్కపిడతలు ఆడుకోని ఆడపిల్ల మన తరంలో ఉండదేమో!

కాలక్రమాన చవకగా, కంటికి ఇంపుగా ఉండే రసాయనపు రంగులు వచ్చి చెట్ల రంగులను వెనక్కి నెట్టాయి. పసిపిల్లలు బొమ్మ చేతికి రాగానే నోట్లో పెట్టుకుంటారు కదా! చేతిపని కుటుంబంలో పుట్టకపోయినా, ఆ ఊరివారే అయిన సి.వి. రాజు గారు ఈ సంగతి పట్టించుకున్నారు. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటివాటి నుంచి రంగులు తీసి లక్కలో కలిపే విధానాన్ని పనివారితో కలిసి మళ్లీ పట్టుకువచ్చారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చాయి. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. వారసుడు రక్తసంబంధీకుడే కానక్కర్లేదని, ఊరిమీద మమకారం ఉన్నవాడైనా చాలునని ఈ కథ చెబుతోంది.

బడి, కొత్త వస్తువు, కొత్త పనిముట్టు, ఊరి మనిషి అండ. నాలుగు ఊళ్లలో నాలుగు దారులు. అన్నింటిలోనూ ఉన్న సంగతి ఒక్కటే. "మన సంప్రదాయం గొప్పది" అని ఉపన్యసించినందువల్ల ఏ కళా నిలవలేదు. ఆ పని చేస్తే ఇల్లు గడుస్తుందన్న నమ్మకం కుర్రవానికో, అమ్మాయికో కలిగిననాడే నిలిచింది.

ఆ నమ్మకానికి ఇప్పటికీ గండ్లు లేకపోలేదు. యంత్రం మీద అచ్చువేసిన బట్టను కలంకారీ అని అమ్ముతున్నారు. పెడన, మచిలీపట్నాలలో చెక్క అచ్చులతో చేతితో అద్దేది కూడా అసలైన కలంకారీయే, దాన్ని తప్పుపట్టరాదు. నకిలీ అన్నది యంత్రపు అచ్చును. కలంతో గీసిన బట్టలో ఒక నెమలి ఉన్నట్టు రెండో నెమలి అచ్చంగా ఉండదు. గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. అదే దాని సంతకం.

పెన్షనర్లుగా మనకు సంబంధించిన మాట ఒకటి ఉంది. ఒకటో తారీఖు వస్తే మన ఖాతాలో ఎంతో కొంత పడుతుంది. నలభై ఏళ్లు ఆసు పోసిన అమ్మకు, లక్క పట్టిన తాతకు సర్వీసు రిజిస్టరు లేదు, గ్రాట్యుటీ లేదు. వారికోసం ఏర్పాట్లు అసలు లేవని కాదు. చేనేత కార్మికులకు 50 ఏళ్లు నిండితే రెండు తెలుగు రాష్ట్రాలలోనూ నెలనెలా పింఛను ఉంది. జాతీయ పురస్కారం వంటి గుర్తింపు పొంది, 60 దాటి, రాబడి లేని హస్తకళాకారులకు కేంద్రం నెలవారీ సాయం ఇస్తుంది. 2023 సెప్టెంబరులో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తులలో బొమ్మల తయారీ ఒకటి. చిక్కు ఎక్కడ వస్తుందంటే దరఖాస్తు ఫారం దగ్గర. పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో మరొకటి ఉంటుంది. ఏ కాగితం జతచేయాలో తెలియదు. తిరస్కరిస్తే అప్పీలు ఎవరికి వ్రాయాలో తెలియదు.

ఆ విద్య మనకు తెలుసు. జీవితమంతా చేసింది అదే కదా! మన సంఘం శాఖలు చేనేత, హస్తకళల ఊళ్లకు దగ్గరలో ఉన్నచోట నెలకు ఒక పూట ఒక బల్ల వేసుకుని కూర్చుని, వృద్ధ కళాకారుల కాగితాలు చూసిపెడితే అంతకన్న మంచి కాలక్షేపం ఏముంటుంది? కొనగలిగినవారు మనుమడి పుట్టినరోజుకు ప్లాస్టిక్ బొమ్మకు బదులు ఒక లక్కబొమ్మ కొనండి. కొన్నప్పుడు చేసినవారి పేరు అడగండి. బేరమాడేటప్పుడు మాత్రం ఆ 9,000 సార్లు ఒకసారి తలచుకోండి.

ఏడాదికొకసారి మనం బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇచ్చుకుంటాం. చేతిపనికి అటువంటి ధ్రువపత్రం ఏదైనా ఉంటే, అది గురువు పక్కన పీటవేసుకుని కూర్చున్న కొత్త శిష్యుడే. ఆ పీట ఖాళీగా ఉండకుండా చూడడంలో మన వంతు కూడా ఉన్నదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.