భార్యల సముద్రయానము

బౌధాయనుడు తన ధర్మసూత్రములలో పతనహేతువులను ఎన్నుచు సముద్రయానమును మొదటనే పేర్కొనెను. గౌతమీతీరవాసులు మాత్రము ఆ సూత్రమును పాటించినట్లు కానరాదు. ఆలమూరునకు దిగువను, గౌతమి సాగరమును గలియు ప్రాంతమున నున్న కోరంగి ఒకప్పుడు పేరుగన్న ఓడరేవు. బర్మాలో తెలుగువారి నందఱిని ‘కోరంగీ’లని పిలుచుటకు ఆ రేవే మూలము. 1839 నాటి ఉప్పెన పిదప అది క్షీణింపగా, కాకినాడనుండి పొగయోడలు రంగూనునకు పోవుచుండెను. ఆ యోడ లెక్కినవారు చాలవఱకు పురుషులే. వారి భార్యల సంగతి మన చరిత్రలలో అంతగా కానరాదు.

1937 ఏప్రిలు 1వ తేదివఱకు బర్మా బ్రిటిషు ఇండియాలోని రాష్ట్రమే గనుక పోవువారికి వీసాతో పనిలేకుండెను. భార్యను వెంటబెట్టుకొని పోరాదని ఏ చట్టమును చెప్పలేదు. అయినను మేస్త్రీ యిచ్చిన బయానాతో అప్పులో దిగి, రంగూను రేవులోను బియ్యపు మరలలోను మూటలు మోయబోయిన కూలీకి, పదిమంది పురుషులతో కలిసి పండుకొను గదియే నివాసము. అట్టి గదికి ఇల్లాలిని ఎట్లు తీసికొనిపోవును? ఆమె ఊరనే యుండి, మనియార్డరుకై ఎదురుచూచుచు, కోతకూలికి పోయి పిల్లలను పెంచుకొనెను.

ఒడంబడిక కూలీల సంగతి వేఱు. 1860లో చెన్నపట్టణమునుండి మొదటి యోడ నేటాలునకు పోయెను. 1903 నుండి ఫిజీకిని తెలుగు, అఱవ కూలీలను ఆ రేవునుండి పంపిరి. ఫిజీకి పోవు నూఱుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలుండవలెనని నియమము. లెక్క కుదిరిన చాలును. ఆ స్త్రీ ఎవరి యిల్లాలో దొరలకు పట్టలేదు.

‘భార్య’ యను మాటయే వ్యాజ్యమునకు వచ్చినది దక్షిణాఫ్రికాలో. ఒక భారతీయుని భార్యకు ప్రవేశము నిరాకరింపగా, 1913 మార్చి 14న కేపు న్యాయస్థానమున జస్టిసు సెర్ల్ తీర్పు చెప్పెను: బహుభార్యాత్వమును అంగీకరించు మతపద్ధతిని జరిగిన పెండ్లి అచ్చటి చట్టము దృష్టిలో పెండ్లి కాదు. సప్తపది నడచి, అగ్నిసాక్షిగా చేయిపట్టిన యిల్లాలు ఒక్క పూటలో ఉంపుడుకత్తె యయ్యెను! అగ్నిహోత్రుని సాక్ష్యమును ఏ కోర్టు స్వీకరించును? ఆ సెప్టెంబరులో కస్తూరిబాయి మఱి ముగ్గురు స్త్రీలతోను పండ్రెండుగురు పురుషులతోను ఫీనిక్సునుండి బయలుదేరి, ట్రాన్స్‌వాలు సరిహద్దు దాటి, మూడునెలల కఠినశిక్ష అనుభవించెను. 1914 నాటి ఇండియను రిలీఫు చట్టము ఏకపత్నీక వివాహములను గుర్తించెను. ఆ తగవును ఓటుహక్కు లేని ఆడువారు చెఱకు పోయి తేల్చుకొనిరి; మన పాఠ్యపుస్తకములలో దానికి దక్కిన చోటు చాల తక్కువ.

కాగితము వచ్చినంతమాత్రమున అనుమానము తొలగలేదు. 1979 జనవరిలో లండను హీత్రో విమానాశ్రయమున, పెండ్లాడుటకై వచ్చిన ఒక భారతీయ ఉపాధ్యాయిని కన్య యగునా కాదా యని వైద్యునిచే పరీక్షింపజేసిరి. కాబోవు భార్యకు నాడు ముందుగా వీసా అక్కఱలేదు. ఇదివఱకే భార్యయై బొంకుచున్నదేమో యని వారి శంక. పత్రికలలో వెల్లడియైన పిదపగాని ఆ పని మానలేదు.

నేటి కోనసీమ పిల్ల అమెరికాకును పోవుచున్నది. భర్తకు హెచ్-1బి, ఆమెకు హెచ్-4. రంగూను గదివలె గాక ఇల్లు విశాలమే. ఇరుకు చట్టములో నున్నది. ఆ వీసాపై నివసింపవచ్చును, చదువుకొనవచ్చును, ఉద్యోగము చేయరాదు. భర్త శాశ్వతనివాసపు ప్రయత్నములో ఐ-140 అను అర్జీ మంజూరైన భార్యలు మొదలగు కొందఱికి మాత్రము, 2015 మే 26 నుండి, పని అనుమతి కోరుటకు వీలు కల్పించిరి. ఉద్యోగముద్వారా వచ్చు నివాసపత్రములలో ఏ యొక్క దేశమునకును ఏటికి సుమారు ఏడు శాతమునకు మించి దక్కరాదను నియమముచే మనవారి వరుస ఏండ్లతరబడి సాగును. భర్త కొలువు పోయినచో ఇరువురకును గరిష్ఠముగా అరువది దినముల గడువు; దాంపత్యము తెగినచో ఆమె వీసాకు ఆధారమే తెగును.

మన రాష్ట్రమున 2002 నాటి చట్టము వివాహపు నమోదును నిర్బంధము చేసినది. అయినను చాల యిండ్లలో ఆ కచేరీ గుర్తుకు వచ్చునది వీసా వేళకే. ఆలమూరు పెండ్లిచూపులలో పిల్లవాని జీతమును, కొన్న యింటిని విచారించు పెద్దలు, ఎమ్మెస్సీ చదివిన పిల్ల ఏ వీసాపై విమాన మెక్కునో అడుగరు. పిల్లవాని ఐ-140 మంజూరైనదా, పిల్ల తన చదువుతో స్వయముగా విద్యార్థివీసాకుగాని హెచ్-1బికిగాని పోవీలున్నదా, ఆమె పాసుపోర్టును పట్టాలును ఎవరి పెట్టెలో నుండును — ఇవి లగ్నపత్రిక వ్రాయకమునుపే, పిల్ల యెదుటనే, మాటలాడవలసిన సంగతులు.