వెదురు బద్దనుంచి కర్బన నారవరకు: గాలపు కర్ర కథ

గాలపు కర్ర చూపుకు అతి సామాన్యమైన పనిముట్టు. ఒక చివర చేతి పట్టు, మరొక చివర దారం, దారం కొనను గాలం. ఏటి ఒడ్డున ఉండే బాలుడు పొదలోనుంచి ఒక సన్నని వెదురు నరికి తెచ్చుకొంటే అతని పని జరిగిపోతుంది. కాని గాలాన్ని చాల దూరం విసరవలెనన్నా, సన్నని దారం తెగకుండా పెద్ద చేపను అలయించి ఒడ్డుకు లాగవలెనన్నా ఆ కర్ర ఒకదానితో ఒకటి పొసగని గుణాలను చూపవలసి వస్తుంది. రోజంతా చేత పట్టుకొనేంత తేలికగా ఉండవలె. విసరినప్పుడు బిగువుగా నిలువవలె. చేప గుంజినప్పుడు విల్లువలె వంగవలె. వదలిన వెంటనే ఊగులాడక తిన్నగా నిలువవలె. ఈ నాలుగింటినీ ఒకే కర్రలో ఇమడ్చడానికి మానవుడు ఐదువందల ఏండ్లకు పైగా పడిన శ్రమే గాలపు కర్ర చరిత్ర. ఆ శ్రమలో తేలిన సత్యం ఒక్కటే: బలం పదార్థం ఎంత ఉన్నదన్న దానిపై మాత్రమే ఆధారపడదు, దాని నారలు ఎక్కడ, ఏ దిక్కుగా అమరి ఉన్నవన్న దానిపై ఆధారపడుతుంది.

కొయ్య కర్రల కాలం

గాలంతో చేపలు పట్టే విధానాన్ని వివరించే ఒక చిన్న ఆంగ్ల గ్రంథం 1496లో ఇంగ్లండులోని వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చయినది. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని దానిని రచించినదని చాలకాలం చెప్పుకొన్నారు. కర్రను తయారుచేసే పద్ధతి అందులో వివరంగా ఉన్నది. చలికాలంలో కొయ్యను కొట్టవలె, వేడి పొయ్యిలో కాచి తిన్నగా చేయవలె, నెలరోజులు ఆరబెట్టవలె. ఎర్రగా కాల్చిన తీగతో మొదటి భాగాన్ని తొలచి బోలుగా చేస్తే, కొనభాగాన్ని అందులో దాచుకొని, చేతికర్రవలె పట్టుకొని నడచిపోవచ్చు. కాచి తిన్నగా చేయడం, ఆరబెట్టడం, ముక్కలుగా చేసి కలపడం అనే ఈ మూడు పనులూ తరువాతి శతాబ్దాలలో కూడ మారలేదు.

మారినది కొయ్య. ఇంగ్లండు చెట్ల కొయ్య చాలక దూరదేశాల కలప తెప్పించుకొన్నారు. ఉత్తర అమెరికానుంచి హికరీ, వెస్టిండీసునుంచి లాన్స్‌వుడ్, దక్షిణ అమెరికాలోని గయానానుంచి గ్రీన్‌హార్ట్ వచ్చినవి. గ్రీన్‌హార్ట్ చాల బలమైన కొయ్య. నీటిలో వేస్తే మునిగిపోయేంత బరువైనది కూడ. దానితో చేసిన పొడుగు కర్రలను రెండు చేతులతో పట్టి విసరవలసి వచ్చేది. బలం కావలెనంటే లావు పెంచవలె, లావు పెంచితే బరువు పెరుగుతుంది. ఈ చిక్కునుంచి బయటపడడం ఎట్లా?

వంగే కర్రలో ఏమి జరుగుతుంది?

ఒక పెద్ద రబ్బరు ముక్క పక్కభాగంపై సమాన దూరాలలో నిలువు గీతలు గీసి దానిని వంచితే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. వంపునకు బయటివైపున గీతలు ఎడమవుతవి; లోపలివైపున దగ్గరవుతవి; నట్టనడుమ గీతల ఎడం మారదు. అనగా పైపొర సాగుతున్నది, కింది పొర నొక్కుకొంటున్నది, మధ్యపొర ఇంచుమించు ఏ పనీ చేయడం లేదు. వంగే కర్రలో శ్రమపడేది చర్మమే కాని గుండె కాదు.

దీనిని లెక్కతో చూడవచ్చు. గుండ్రని కర్ర బిగువు దాని వ్యాసం నాలుగవ ఘాతంతో పెరుగుతుంది. బరువు రెండవ ఘాతంతో మాత్రమే పెరుగుతుంది. లోపలి వ్యాసం బయటి వ్యాసంలో సగం ఉండేటట్లు కర్రను తొలచినారనుకొందాం. పోయిన బరువు నాలుగవ వంతు. పోయిన బిగువు పదహారవ వంతు మాత్రమే. నూటికి ఇరవై ఐదు పాళ్ళ బరువు తగ్గించుకొన్నందుకు ఇవ్వవలసిన మూల్యం నూటికి ఆరు పాళ్ళ చిల్లర. ప్రకృతి ఈ లెక్కను ఏనాడో చేసిపెట్టినది. ఆ లెక్క పేరే వెదురు.

వెదురు బోలుగా ఉండడమే కాదు, దాని గోడలో కూడ పొదుపు ఉన్నది. బొంగును అడ్డంగా కోసి చూస్తే నార కట్టలు చిన్న చుక్కలవలె కనిపిస్తవి. లోపలివైపు అవి పలచగా, దూరదూరంగా ఉంటవి. బయటి మెరుగు పొర దగ్గరకు వచ్చేకొద్దీ ఒత్తుగా కూడుకొంటవి. శ్రమ ఎక్కువగా పడే చోటనే నారలు ఎక్కువగా ఉన్నవన్నమాట. బుట్టలు, తట్టలు అల్లే మేదరులకు ఈ సంగతి చేతి అనుభవంతో తెలిసినదే. పైపొరగల బద్దను గట్టి పనికి, లోపలి మెత్తని బద్దను తేలిక పనికి వారు వేరుచేసుకొంటారు.

ఆరు బద్దల కర్ర

అయితే బొంగును ఉన్నదున్నట్లు వాడితే చాలదా? చాలదు. బొంగు లావు, సన్నం ప్రకృతి నిర్ణయించినవి. పనివాడు కోరుకొన్నవి కావు. గాలపు కర్ర చేతివద్దనుంచి కొనవరకు క్రమంగా సన్నగిల్లవలె. బొంగును బయటనుంచి చెక్కితే మొదట పోయేది ఆ విలువైన పైపొరే. కనుక బొంగును చీల్చి, బద్దలను లోపలివైపునుంచే చిత్రికపట్టి, పైపొర బయటకు వచ్చేటట్లు తిరిగి అతికించవలెననే ఆలోచన పుట్టినది.

ఇంగ్లండులో 19వ శతాబ్దపు ఆరంభానికే కర్రల కొనభాగాలను అతికిన బద్దలతో చేసేవారు. అమెరికాలో ఈ పనికి ఆద్యుడుగా పేరు పొందినవాడు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈస్టన్ పట్టణవాసి శామ్యూల్ ఫిలిప్పీ. అతడు తుపాకులు చేసేవాడు, వయొలిన్లు కూడ చేసేవాడు. 1840లలో అతడు బద్దల కర్రలు చేయడం మొదలుపెట్టినాడు. తరువాత మెయిన్ రాష్ట్రంలోని బాంగర్ పట్టణంలో హైరమ్ లెనార్డ్ అనే పనివాడు 1870లలో బద్దలను కోణం తప్పకుండా కోసే యంత్రాన్ని అమర్చినాడు. ఆ యంత్రాన్ని తాళంవేసిన గదిలో ఉంచేవాడు. అయినా అతని వద్ద పని నేర్చినవారే తరువాత సొంత కర్మాగారాలు పెట్టినారు. రహస్యం నిలువలేదు, విద్య వ్యాపించినది.

ఆ విద్య ఇట్లా సాగుతుంది. బాగా ఆరిన బొంగును నిలువునా చీలుస్తారు. కణుపుల దగ్గర నార వంకర తిరిగి ఉంటుంది కనుక, అక్కడ వేడిచేసి అదిమి తిన్నగా చేస్తారు. ఆరు బద్దల కణుపులూ ఒకేచోట పడితే కర్ర అక్కడనే విరుగుతుంది; అందుచేత బద్దలను ముందుకు, వెనుకకు జరిపి కణుపులను చెదరగొడతారు. తరువాత ప్రతి బద్దనూ ఉక్కు అచ్చులో పెట్టి, అడ్డుకోత సమబాహు త్రిభుజంగా వచ్చేటట్లు చిత్రికపడతారు. త్రిభుజంలో ఒక్కొక్క కోణం 60 డిగ్రీలు. ఆరు కలిస్తే 360. అందువల్ల మధ్య సందు లేని షడ్భుజి ఏర్పడుతుంది. పైపొరను మాత్రం చిత్రిక ముట్టకూడదు. పిమ్మట జిగురు రాసి, దారంతో బిగించి చుట్టి, ఆరబెడతారు. చివరకు లోహపు పొన్నులు, కార్కు పట్టు, దారం పోయే ఉంగరాలు అమర్చి వార్నిష్ పూస్తారు.

ఈ పనిలో పొరపాటుకు చోటు ఎంత తక్కువో లెక్కవేయవచ్చు. కొనవద్ద కర్ర మందం 2 మిల్లీమీటర్లు అనుకొంటే ఒక్కొక్క బద్ద ఎత్తు 1 మిల్లీమీటరు. ప్రతి బద్దలోనూ 0.1 మిల్లీమీటరు ఎక్కువ మిగిలితే కర్ర మందం 2.2 అవుతుంది. ఇది నూటికి పది పాళ్ళ తేడా. కాని బిగువు నాలుగవ ఘాతంతో పెరుగుతుంది కనుక అది నూటికి 46 పాళ్ళు హెచ్చుతుంది. అందుకే మంచి పనివారు అంగుళంలో వెయ్యవ వంతు కొలతను పాటించినారు.

కలకత్తా వెదురు, టాంకిన్ వెదురు

ఈ పడమటి దేశాల కర్రలకు తొలి ముడిసరుకు మనదేశపు వెదురే. కలకత్తా రేవునుంచి ఓడలలో వెళ్ళినందున దానికి కలకత్తా వెదురు అని పేరు వచ్చినది. శాస్త్రీయ నామం డెండ్రోకలామస్ స్ట్రిక్టస్. గోడ మందంగా, బోలు తక్కువగా ఉండే జాతి. తెలుగువారికి ఇది సాధనపు వెదురు. నల్లమల, ఆదిలాబాదు అడవులలోనూ, తూర్పు కనుమలలోనూ పెరుగుతుంది. లాఠీలకు, ఈటె కర్రలకు వాడినది కూడ ఇదే.

కాని ఓడలెక్కిన బొంగులమీద తరచుగా కాల్చిన మచ్చలు, పురుగు తొలిచిన రంధ్రాలు ఉండేవి. ఒక బొంగు నిండా వెదకితే ఆరు మంచి బద్దలు దొరకడం కష్టమయ్యేది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో చైనానుంచి వచ్చిన మరొక వెదురు దాని స్థానాన్ని ఆక్రమించినది. వర్తకులు దానిని టాంకిన్ వెదురు అన్నారు. నిజానికి అది వియత్నాంలోని టాంకిన్ ప్రాంతానిది కాదు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో సూయి నదీతీరపు కొండలలో సాగుచేసినది. కాంటన్‌లోని లింగ్నాన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్లాయిడ్ మెక్‌క్లూర్ 1931లో దానిని వర్ణించి, లాటిన్‌లో మనోహరమైనదనే అర్థం వచ్చే అమాబిలిస్ అనే పేరు పెట్టినాడు. దాని కణుపులు అంతగా ఉబ్బి ఉండవు, బొంగు తిన్నగా ఉంటుంది, బలమైన నారల పొర మందంగా ఉంటుంది.

ఒకే లోయపై ఆధారపడిన పరిశ్రమకు రాజకీయపు దెబ్బ తగిలినది. కొరియా యుద్ధకాలంలో, 1950 డిసెంబరులో, అమెరికా చైనాతో వర్తకాన్ని నిషేధించినది. ఆ నిషేధం 1971వరకు సాగినది. గోదాములలో నిలువ ఉన్న బొంగులతో కొద్దిమంది పని నడుపుకొన్నారు; ఎందరో పని మానుకొన్నారు. అప్పటికే బజారులోకి కొత్త పదార్థం వచ్చి ఉన్నది.

గాజు నార

గాజు పెళుసుదనానికి పెట్టినది పేరు. అటువంటి గాజుతో వంగే కర్రను చేయవచ్చునా? ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయంలో పనిచేసిన గ్రిఫిత్ 1921లో దీనికి మూలమైన సత్యాన్ని ప్రకటించినాడు. గాజు పగలడానికి కారణం దానిపై ఉండే కంటికి కనిపించని పగుళ్ళు. దారం ఎంత సన్ననైతే అందులో పెద్ద పగుళ్ళు ఉండే అవకాశం అంత తక్కువ. కనుక సన్నని గాజు పోగు లావుపాటి గాజు కడ్డీకంటె ఎన్నో రెట్లు బలమైనది. 1930లలో అమెరికాలో గాజును పోగులుగా తీసే పరిశ్రమ వెలసినది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1944లో, ప్లాస్టిక్ పరిశ్రమలో పనిచేసే రసాయనవేత్త ఆర్థర్ హోవాల్డ్ గాలపు కర్ర కొన విరిగిపోయినది. మంచి వెదురు దొరకని రోజులు అవి. అతడు గాజు పోగులను రెసిన్‌తో తడిపి కొత్త కొన చేసుకొన్నాడు. ఆ పద్ధతినే షేక్‌స్పియర్ అనే కంపెనీ చేపట్టి 1940ల చివరకు గాజునార కర్రలను బజారులోకి తెచ్చినది. అవి చెమ్మకు చెడవు, పురుగు పట్టవు, ధర తక్కువ. వెదురు కర్రలతో పోలిస్తే కొంచెం మెత్తన.

గాజునార కర్ర వెదురుకు విరోధి అని వ్యాపారులు చాటినారు. నిర్మాణంలో మాత్రం అది వెదురుకు బిడ్డ. వెదురులో నారలను లిగ్నిన్ అనే పదార్థం పట్టి ఉంచుతుంది. ఇక్కడ గాజు పోగులను రెసిన్ పట్టి ఉంచుతుంది. రెండింటిలోనూ నార బలాన్ని ఇస్తుంది, జిగురు ఆ బలాన్ని ఒక నారనుంచి మరొక నారకు అందిస్తుంది.

కర్బన నార

తరువాతి మెట్టు కర్బన నార. 1880లో ఎడిసన్ తన విద్యుద్దీపానికి జపాను వెదురు నారను మాడ్చి కర్బన తంతువును చేసినాడు. అది వెలుగిచ్చినది కాని బరువు మోసే బలం దానికి లేదు. బలమైన కర్బన నార 20వ శతాబ్దపు రెండవ సగంలో వచ్చినది. 1960ల ఆరంభంలో జపానులో అకియో షిండో పాలీఎక్రిలోనైట్రైల్ అనే కృత్రిమ నారను వేడిచేసి కర్బన నారను తీసినాడు. ఫార్న్‌బరోలో వాట్, ఫిలిప్స్, జాన్సన్ అనే శాస్త్రజ్ఞులు అదే నారను, కాచేటప్పుడు కుంచించుకొనిపోకుండా బిగపట్టి, చాల బిగువైన పోగుగా మార్చినారు. సాధారణ కర్బన పోగు బిగువులో ఉక్కుకు తీసిపోదు. బరువులో ఉక్కులో నాలుగవ వంతుకూడ ఉండదు. విమానాలకోసం పుట్టిన ఈ నార 1970లలో గాలపు కర్రలలోకి వచ్చినది.

కొన సన్నగా ఉండే ఉక్కు కడ్డీపై, రెసిన్ పట్టించిన నార పలకను కత్తిరించి చుడతారు. దానిపై బిగుతుగా పట్టీ చుట్టి కొలిమిలో కాస్తారు. రెసిన్ గట్టిపడిన తరువాత ఉక్కు కడ్డీని లాగివేస్తే పలచని గోడగల గొట్టం మిగులుతుంది. ఎక్కువ నారలు కర్ర పొడుగునా ఉంటవి. గొట్టం నలిగిపోకుండా కొన్ని అడ్డంగా ఉంటవి. వెదురులో ఈ రెండవ పనిని కణుపులు చేస్తవి.

కర్బన నారకు రెండు దోషాలు ఉన్నవి. రాతికి తగిలి చిన్న గాటుపడితే తరువాత ఎప్పుడో అక్కడనే విరగవచ్చు. అంతకంటె ముఖ్యం, అది విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. కరెంటు తీగల కింద ఈ కర్రను ఎత్తి పట్టుకోవడం ప్రాణాపాయం.

నేటి పనివాని చేతిలో

కర్మాగారాలు లక్షలుగా కర్రలు చేస్తున్నా, ఒక్కొక్క మనిషి చేతికి, అతడు పట్టే చేపకు తగినట్లు కర్రను కూర్చే పనివారు ఈనాటికీ ఉన్నారు. వారు ఖాళీ గొట్టాన్ని కొని పని ప్రారంభిస్తారు. చుట్టిన పలక అంచులు కలిసేచోట గోడ ఒకింత మందం కనుక గొట్టం అన్ని వైపులకూ ఒకేవిధంగా వంగదు. దానిని వంచి తిప్పుతూ బిగువైన వైపు గుర్తించి, దానినిబట్టి ఉంగరాల వరుస నిర్ణయిస్తారు. ఉంగరాలను మొదట తాత్కాలికంగా కట్టి, దారం ఎక్కించి కర్రను వంచి చూస్తారు. దారం కర్ర వంపును అనుసరించక ఎక్కడైనా దూరంగా పోతే, అక్కడి ఉంగరాలను జరుపుతారు. కుదిరిన తరువాత ఉంగరపు పాదాన్ని సన్నని దారంతో చుట్టుపక్కన చుట్టుగా బిగించి, ఎపాక్సీ పూసి, అది ఒకవైపుకు కారిపోకుండా ఆరేవరకు కర్రను మెల్లగా తిప్పుతూ ఉంచుతారు.

బద్దల కర్ర కూడ అంతరించలేదు. టాంకిన్ వెదురును చేతితో చిత్రికపట్టేవారు పలు దేశాలలో ఉన్నారు. గాజు, కర్బనం వచ్చినా వెదురు నేర్పిన పాఠం పాతబడలేదు. బడికి దగ్గరలో దొరికే వెదురు ముక్కను అడ్డంగా కోసి, నునుపుచేసి, భూతద్దం కింద పెట్టి చూపితే, లోపల పలచగా, బయట ఒత్తుగా ఉన్న ఆ నార చుక్కలలోనే విద్యార్థి ఈ చరిత్రనంతటినీ చదువుకోవచ్చు.