రెండవ కుర్చీ ఖాళీగా ఉండరాదు

1999 జూలై 16, రాత్రి 8 గంటల 38 నిమిషాలు. అమెరికాలోని న్యూజెర్సీ నుంచి ఒకే ఇంజిను గల పైపర్ సారటోగా విమానం గాలిలోకి లేచింది. నడుపుతున్నవాడు దాని యజమాని, పూర్వ అధ్యక్షుడు కెనెడీ కుమారుడు, 38 ఏళ్ల జాన్ కెనెడీ జూనియర్. వెంట భార్య, ఆమె సోదరి ఉన్నారు. ఆ రాత్రి తోడు వస్తానని ఒక శిక్షకుడు అడిగాడు. తానొక్కడే నడపదలచానని కెనెడీ బదులిచ్చాడు. మరో గంటకు మార్తాస్ వినియార్డ్ ద్వీపం సమీపాన విమానం సముద్రంలో కూలింది. ముగ్గురూ మరణించారు.

విమానాల గురించి ఆరోగ్య వ్యాసమెందుకని చదువరులు అనుకోవచ్చు. ఆ దుర్ఘటనకు దర్యాప్తు సంస్థ చెప్పిన కారణం యంత్రలోపం కాదు. చీకటిలో, మంచుపొర వంటి మసకలో, నీటిపై దిగుతూ చోదకుడు దిగ్భ్రమకు లోనై విమానంపై అదుపు కోల్పోయాడని తేల్చింది. అది మానవ శరీర ధర్మానికి సంబంధించిన విషయం.

మన లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలున్నాయి. తల తిరిగినప్పుడు వాటిలోని ద్రవం వెనుకబడి, తిరుగుతున్నామని మెదడుకు తెలియజేస్తుంది. మలుపు మెల్లగా మొదలైతే ఆ వార్త అందదు. ఒకే వేగంతో కొంతసేపు తిరిగితే ద్రవం నాళంతో సమానవేగం అందుకుంటుంది. అప్పుడు తిన్నగా పోతున్నామనే అనిపిస్తుంది. మలుపును సరిదిద్దితే ఎదురు దిశలో తిరుగుతున్నట్లు తోస్తుంది. కంటికి దిగంతరేఖ కనిపించినంతకాలం ఈ భ్రమ తలెత్తదు. అది మరుగైతే చెవి చెప్పే అబద్ధమే నిజమవుతుంది. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాల ఆధారంగా నడపడం తెలియని 20 మందిని అటువంటి స్థితిలో పరీక్షించారు. ఇరవై మందీ అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన సగటు కాలం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు!

ఒంటరిగా ఎగరడంపై మోజుకు చరిత్ర ఉంది. 1927లో 25 ఏళ్ల చార్లెస్ లిండ్‌బర్గ్ న్యూయార్క్ నుంచి పారిస్‌కు 33 గంటలన్నర సేపు ఒక్కడే ఎగిరి లోకానికి వీరుడయ్యాడు. నిద్రలేమితో ఆయనకు దారిలో ఛాయారూపాలు కనిపించాయన్న సంగతి మాత్రం ఎక్కువమందికి గుర్తులేదు. ప్రయాణికుల విమానయానం క్రమంగా ఇద్దరు పైలట్ల పద్ధతిని నియమంగా స్వీకరించింది. సొంత విమానాల లోకంలో వీరుని బొమ్మే మిగిలింది.

ఆ బొమ్మకు మా వృత్తివారు చెల్లించిన మూల్యం తక్కువ కాదు. 1947లో వచ్చిన బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా విమానానికి అమెరికాలో ‘డాక్టర్లను చంపే చీలికతోక’ అని పేరుపడింది. వైద్యునికి విమానం కొనే స్తోమత త్వరగా వస్తుంది. నడిపే అనుభవం అంత త్వరగా రాదు. పైగా ఆసుపత్రిలో మా మాటకు ఎదురుండదు. ఆ అలవాటు ఆకాశంలో పనికిరాదు.

నైపుణ్యమున్న పైలట్‌ను జీతమిచ్చి పెట్టుకున్నానుగా అని యజమాని అనవచ్చు. 2009 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలో ఒక కింగ్ ఎయిర్ విమానం పైకి లేచిన కొద్దిసేపటికే దాని ఏకైక పైలట్ సీటులోనే మరణించాడు. పక్క సీటులో యజమాని, వెనుక ఆయన భార్య, ఇద్దరు కుమార్తెలు. చిన్న విమానం నడిపిన కొద్దిపాటి అనుభవంతో, నేలపైనున్న నియంత్రికులు చెప్పినట్లు చేసి, ఆయన ఫోర్ట్ మయర్స్‌లో క్షేమంగా దింపగలిగాడు. అదృష్టం ప్రతిసారీ తోడు రాదు.

వైద్య పరీక్షలో నెగ్గిన పైలట్‌కు గుండెపోటు రాదని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేడు. 1980లలో బ్రిటన్‌లో రూపుదిద్దుకున్న ‘ఒక శాతం సూత్రం’ ఈ సత్యాన్ని అంగీకరించే పుట్టింది. ఒక ఏడాదిలో హఠాత్తుగా అశక్తుడయ్యే అవకాశం నూటికి ఒకటికి మించని పైలట్‌ను అనుమతించవచ్చునన్నది దాని సారం. కాని ఆ లెక్క పక్కన మరొకరు ఉంటారన్న నమ్మకంపై నిలిచింది. ఐరోపా దేశాలలో కొన్ని హృద్రోగాల తరువాత ‘మరో అర్హుడైన పైలట్‌తోనే’ అన్న షరతుతో ధ్రువపత్రం ఇస్తారు. అంటే రెండవ పైలట్ వైద్యులు రాసిన మందే.

2009 సెప్టెంబరు 2న నల్లమలలో మన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టర్‌లో ఇద్దరు పైలట్లు లేరా అని తెలుగువారు అడుగుతారు. ఉన్నారు. రెండవ మనిషి వాతావరణాన్ని మార్చలేడు. అతని వల్ల అపాయం తగ్గుతుందే గాని తొలగిపోదు. అతనికి మాట చెల్లుబాటు కూడా ఉండాలి. 1977లో టెనెరిఫేలో రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. రన్‌వే ఖాళీ అయిందా అని ఇంజనీరు సందేహం వెలిబుచ్చినా కెప్టెన్ ఆగలేదు.

నేను చిన్న ఆసుపత్రిలో పనిచేసిన తొలి సంవత్సరాలలో మత్తు డాక్టరు లేక, వెన్నులో సూది నేనే వేసి, ఆపరేషనూ నేనే చేసేవాణ్ణి. ఒక రాత్రి సిజేరియన్ మధ్యలో నర్సు మెల్లగా, “సార్, రక్తం నల్లబడుతోంది” అంది. తల ఎత్తి చూస్తే రోగికి ఊపిరి సరిగా ఆడడం లేదు. వెంటనే ఆక్సిజన్ అందించాం. తల్లీబిడ్డా దక్కారు. ఆమె జంకి ఊరుకుంటే నేను గమనించేవాణ్ణి కాను. అప్పటినుంచి మత్తు డాక్టరు వచ్చేదాకా ఆపగలిగిన ఏ ఆపరేషనూ మొదలుపెట్టలేదు.

సొంత విమానం గల తెలుగువారు ఇక్కడైనా, అమెరికాలోనైనా ఉంటే వారికి నా మనవి. విమానం ధర, ఇంధనం, భీమా లెక్కించే కాగితంలోనే రెండవ పైలట్ జీతాన్నీ చేర్చండి. మీరే నడిపేవారైతే రాత్రివేళ, మబ్బులో, నీటిపై, నలతగా ఉన్నప్పుడు అనుభవజ్ఞుడైన శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. ‘ఈరోజు వద్దండి’ అన్నందుకు ఉద్యోగం పోదని అతనికి ముందే మాట ఇవ్వండి. వెనుక సీటులో కూర్చునే భార్యాబిడ్డలు ఆ మాట అడగరు. వారి తరఫున నేను అడుగుతున్నాను.