పసిబిడ్డల నిద్ర: పూర్వాపరములు

పసిబిడ్డ నిద్రింపని యింట నెవ్వరును నిద్రింపరు. మన వేంపల్లె ప్రాంతమున, పాపాఘ్ని తీరపు పల్లెలలో, అర్ధరాత్రమున బిడ్డ గుక్కపట్టి యేడ్చినచో అవ్వ లేచి యుప్పు మిరపకాయలు దిగదుడిచి నిప్పులలో వేయుట మన మెఱిగినదే. మఱునాడు తాయెత్తు కట్టుదురు. ఈ భావమునకు మూలము మిక్కిలి ప్రాచీనము.

సుశ్రుతసంహిత యుత్తరతంత్రమున స్కందుడు, శకుని, రేవతి, పూతన మొదలుగా తొమ్మిది బాలగ్రహములు చెప్పబడినవి. పూతన సోకిన బిడ్డ పగలు సుఖముగా నిద్రించి రాత్రి నిద్రింపదట. విరేచనములు, వాంతియు, దప్పికయు నుండునట. పేరు గ్రహముది యైనను లక్షణములు రోగమునవే. కాశ్యపసంహిత యింకను సూక్ష్మముగా చూచినది. మాటలు రాని బిడ్డ చేతులతో చెవులు ముట్టుకొనుచు, తల విదలించుచు, నిద్రింపకున్నచో చెవిపోటని గ్రహింపుమని బోధించినది. చేష్టయే బిడ్డకు భాష యన్నమాట.

మన సీమ యిచ్చిన మందు పాట. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) వేంకటేశ్వరుని బిడ్డగా భావించి జోలలు, లాలులు రచించెను. ఉయ్యాల యూపు, తల్లి కంఠము, ఒకే వేళ: ఈ మూడును నిద్రకు పిలుపులు.

ఇందుకు భిన్నముగా నొక ఘోరమైన యాచారమును కలదు. పనికి పోవు తల్లులు బిడ్డ కదలకుండుటకు నల్లమందు పెట్టుట హిందూదేశమున పలుచోట్ల నుండెను. 1893లో నేర్పడిన నల్లమందు రాజసంఘము ఈ విషయమును కూడ విచారించెను. ఇంగ్లండులోను నల్లమందు కలిసిన పానకములు త్రావించుటచే పెక్కుమంది శిశువులు మరణించిరి. అది నిద్ర కాదు, ఊపిరి మందగించుట. నేడును వైద్యుడు చెప్పక నిద్రమందు బిడ్డకు పోయరాదు.

పుట్టిన బిడ్డకు రేయింబవళ్ల భేదము తెలియదు. రెండు మూడు నెలలకు గాని యా లయ కుదురదు. 1953లో చికాగో నగరమున అసెరిన్‌స్కీ, క్లైట్మన్ అను శాస్త్రజ్ఞులు నిద్రలో కనుగ్రుడ్లు వడిగా కదలు దశను ప్రకటించిరి. నవజాతశిశువు నిద్రలో సగమట్టి చంచలనిద్రయే. కావున పసికందు మాటిమాటికి మేల్కొనుట దోషమును గాదు, దిష్టియు గాదు.

పెద్ద బిడ్డలకు కారణములు వేఱు: రక్తహీనత, రాత్రి దురద పెట్టు నులిపురుగులు, ముక్కు వెనుక గ్రంథులు వాచి వచ్చు గురక, ఇంటి కలహము. ఇప్పుడు చేతిలోని ఫోను వెలుగొకటి తోడైనది. ఒకటి రెండేండ్ల బిడ్డకు దినమునకు 11 మొదలు 14 గంటలు, మూడు నాలుగేండ్ల బిడ్డకు 10 మొదలు 13 గంటలు నిద్ర యవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెలిపినది.

పెద్దలారా! బిడ్డ యేడ్చిన రాత్రి కోడలిని నిందింపకుడు. ఆమె కొక జాము విశ్రాంతి యిచ్చి బిడ్డను మీ రెత్తుకొనుడు. దీపము తగ్గింపుడు, జోల పాడుడు. గురకయో జ్వరమో చెవిపోటో యున్నచో తెల్లవారగనే వైద్యుని చూపుడు. తాయెత్తు కట్టుట మీ యిష్టము; దానిని నమ్మి వైద్యము నాలస్యము చేయుట మాత్రము బిడ్డకు ద్రోహము.