మన ముంగిట అంతర్జాతీయ రాజనీతి

అంతర్జాతీయ సంబంధాల శాస్త్రాన్ని కళాశాలలో క్రొత్తగా చేపట్టిన విద్యార్థికి అది తనకు ఎంతో దూరమైన విషయంగా తోస్తుంది. పాఠ్యగ్రంథం తెరవగానే వెస్ట్‌ఫేలియా, వెర్సేల్స్, జెనీవా అనే పేర్లు ఎదురవుతవి. సార్వభౌమాధికారం, బలసమతౌల్యం, సామూహిక భద్రత అనే పెద్ద మాటలు వరుసగా వస్తవి. ఇవి పరీక్షకు తప్ప మరి దేనికీ అక్కరకు రావని సూర్యాపేటలోనో, మిర్యాలగూడలోనో చదువుకొనే యువకుడు అనుకొంటే అతనిని తప్పుపట్టలేము. కాని ఆ మాటలలో పెక్కింటికి ఉదాహరణలు అతని ఊరి చరిత్రలోనే ఉన్నవి. 1948 సెప్టెంబరులో కోదాడ, సూర్యాపేటల మీదుగా సైన్యం నడచిన దినాలలోనే, హైదరాబాదు ఒక రాజ్యమా కాదా అనే ప్రశ్న పారిస్ నగరంలో భద్రతా మండలి ముందు ఉన్నది. ఆ ఒక్క ఘట్టాన్ని ఆధారంగా చేసికొని ఈ శాస్త్రంలోని ముఖ్యభావనలను పరిశీలిద్దాము.

మొదటి భావన సరిహద్దు. 1766లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో చేసికొన్న సంధి వలన కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులు కంపెనీ పరమైనవి. 1788లో గుంటూరు సర్కారు కూడా అదే దారి పట్టినది. దానితో నిజాం రాజ్యానికి సముద్రతీరం లేకపోయినది. మిర్యాలగూడ తాలూకాకు దక్షిణాన కృష్ణానది ఎల్ల అయినది. మూసీ కృష్ణలో సంగమించే వాడపల్లి నిజాము నేల. ఆవలి గట్టున పల్నాడు బ్రిటిషు ఇండియా. కోదాడకూ సూర్యాపేటకూ నడుమనున్న మునగాల పరగణా, చుట్టూ నిజాము గ్రామాలు ఉండగా, కృష్ణాజిల్లాకు చెందిన జమీందారీగా నిలిచినది. కృష్ణాజిల్లా నడుమ పరిటాల నిజాము ఏలుబడిలో ఉండిపోయినది. ఇరుప్రక్కలా ఒకే భాష, ఒకే చుట్టరికాలు. ఎల్ల దాటితే మాత్రం వేరు నాణెం, వేరు శాసనం, కరోడ్‌గిరి సుంకం. సరిహద్దులను ప్రకృతి గాని, భాష గాని ఏర్పరచవనీ, సంధిపత్రాలు ఏర్పరుస్తవనీ గ్రహించుటకు ఇంతకంటె మంచి పాఠం లేదు.

రెండవ భావన రాజ్యం. 1933లో మాంటెవిడియో నగరంలో కుదిరిన ఒడంబడిక రాజ్యానికి నాలుగు లక్షణాలు చెప్పినది: స్థిరమైన జనం, నిర్ణీతమైన భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో సంబంధాలు నెరపగల శక్తి. హైదరాబాదుకు 82 వేల చదరపు మైళ్లకు పైబడిన భూమి ఉన్నది. 1941 జనాభా లెక్కల ప్రకారం కోటి అరవై లక్షలకు మించిన ప్రజలు ఉన్నారు. సొంత నాణెం, తపాలా, రైలు, సైన్యం ఉన్నవి. లోపించినది నాలుగవ లక్షణం. 1798, 1800 సంవత్సరాల సంధుల ద్వారా నిజాము తన విదేశ వ్యవహారాలను కంపెనీకి అప్పగించినాడు. 1926లో వైస్రాయి రెడింగు నిజాముకు వ్రాసిన లేఖలో బ్రిటిషు చక్రవర్తితో ఆయన సమానుడు కాడని నిష్కర్షగా తెలిపినాడు. స్వదేశీ సంస్థానాలపై బ్రిటిషు వారు నెరపిన ఈ పై అధికారాన్నే పారమౌంట్సీ అన్నారు; మనము సర్వాధిపత్యం అనవచ్చును.

1947 నాటి భారత స్వాతంత్ర్య శాసనం ఈ సర్వాధిపత్యాన్ని రద్దు చేసినది, కాని దానికి వారసు ఎవరో చెప్పలేదు. అది తిరిగి తమకే చేరినది కనుక తాము స్వతంత్రులమని నిజాము పక్షం వాదించినది. నాలుగు వైపులా భారతభూమి ఆవరించిన సంస్థానానికి, ప్రజల సమ్మతి లేకుండా అటువంటి హక్కు పొసగదని భారత ప్రభుత్వం వాదించినది. 1947 నవంబరు 29న ఒక సంవత్సరానికి యథాతథ ఒప్పందం కుదిరినది. ఉభయులూ దానిని ఉల్లంఘనల పాలు చేసినారని పరస్పరం నిందించుకొన్నారు. హైదరాబాదు పాకిస్తానుకు 20 కోట్ల రూపాయల ఋణం ఇవ్వజూపుట ఒక ఆరోపణ. భారతదేశం ఆర్థిక దిగ్బంధం సాగించుట మరొకటి. తుదకు 1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు పంపినది.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదలినది. ప్రధాన దళం షోలాపూరు వైపు నుండి వచ్చినది. విజయవాడ వైపు నుండి వచ్చిన దళం మొదటి రోజుననే కోదాడ, మునగాల చేరినది. విమానాలు బాంబులు వేసిన పిమ్మట సూర్యాపేట లోబడినది. వెనుకకు తగ్గిన నిజాము సైనికులు మూసీ వంతెనను కూల్చినారు. అది త్వరలోనే బాగుచేయబడినది. 16వ తేదీన పారిస్‌లో భద్రతా మండలి ఈ విషయాన్ని చర్చాంశంగా స్వీకరించినది: ఎనిమిది రాజ్యాలు అనుకూలం, మూడు తటస్థం. మరుసటి సాయంకాలమే నిజాము పోరు విరమణ ప్రకటించినాడు. 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురికి లొంగిపోయినాడు. 22న నిజాము తన ఫిర్యాదును ఉపసంహరించుకొన్నాడు. 1949 మే వరకు మండలిలో చర్చ జరిగినను తీర్మానం ఏదీ వెలువడలేదు.

ఇక సిద్ధాంతాలు. వాస్తవికవాదులు బలమే రాజనీతికి పునాది అంటారు. కౌటిల్యుని మండల సిద్ధాంతంలో ఈ దృష్టి ఉన్నది; ఆధునికులలో మోర్గెంథౌ గ్రంథం సరిగా ఆ 1948లోనే అమెరికాలో వెలువడినది. సముద్రతీరం లేదు, సాయం చేయగల పొరుగురాజ్యం లేదు, యుద్ధవిమానాలు లేవు. కనుక ఫలితం ముందే నిశ్చితమని వీరి తీర్పు. ఈ తీర్పు అయిదు రోజుల యుద్ధాన్ని చక్కగా వివరిస్తుంది. కాని బలవంతుడైన పక్షం పదమూడు నెలలు ఎందుకు సంప్రదింపులు జరిపినదో పూర్తిగా చెప్పదు.

ఉదారవాదులు చట్టాన్నీ, సంస్థలనూ ముందుంచుతారు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత, 1919లో వేల్స్‌లోని అబరిస్ట్విత్‌లో ఈ శాస్త్రానికి తొలి ఆచార్యపీఠం ఏర్పడినది కూడ యుద్ధాలను నివారింపవలెనన్న ఆశతోనే. సమితి నియమావళి 35వ అధికరణం సభ్యత్వం లేని రాజ్యం సైతం ఫిర్యాదు చేయవచ్చునన్నది. 2వ అధికరణం ఏడవ ఖండం ఒక రాజ్యపు ఆంతరంగిక విషయాలలో సమితి జోక్యం కూడదన్నది. హైదరాబాదు మొదటి దానిని పట్టుకొన్నది. అది రాజ్యమే కాదు కనుక ఆ అధికరణం వర్తించదని భారత ప్రతినిధి రామస్వామి మొదలియారు వాదించినారు. సంస్థ తేల్చకముందే సైన్యం తేల్చినది.

మార్క్స్‌వాదులు ప్రభువుల పత్రాలను విడిచి పొలం వైపు చూస్తారు. సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలలో వెట్టికీ, దేశముఖుల పెత్తనానికీ ఎదురుగా లేచిన రైతులకు 1948 సెప్టెంబరు ముగింపు కాలేదు. ఆ సాయుధ పోరాటం 1951 అక్టోబరు వరకు నడచినది. రాజ్యం మారినంత మాత్రాన భూమి చేతులు మారదని వారి పాఠం.

ఇటీవలి దశాబ్దాలలో వచ్చిన సామాజిక నిర్మాణవాదం మరొక మాట చెప్పినది. రాజ్యమనేది ఇతరులు గుర్తించుట వలననే రాజ్యమవుతుంది. లండను బ్యాంకులోని నిజాము ప్రభుత్వ ధనం దీనికి సాక్ష్యం. ఆ సెప్టెంబరులోనే పది లక్షల పౌండ్లకు పైబడిన ఆ మొత్తం అక్కడి పాకిస్తాను హైకమిషనరు పేరిట మారినది. తిరిగి ఇప్పించుమని నిజాము వేసిన దావా, స్వతంత్ర రాజ్యాన్ని పరదేశపు న్యాయస్థానానికి ఈడ్వరాదన్న సూత్రం అడ్డురాగా, 1957లో ప్రభువుల సభలో ఆగిపోయినది. 2019లో ఇంగ్లండు ఉన్నత న్యాయస్థానం ఆ ధనం భారతదేశానికీ, నిజాము వారసులకూ చెందునని తీర్పు చెప్పినది.

ఈ సిద్ధాంతాలలో ఏ ఒక్కటీ చాలదు. ఏ ఒక్కటీ వ్యర్థం కాదు. అయితే వీటిలో చాలా భాగం రాజ్యాన్నే మనిషిగా భావించి మాట్లాడుతవి. రజాకార్ల దౌర్జన్యాలకు ఎల్ల దాటి కృష్ణాజిల్లాలో తలదాచుకొన్న కుటుంబాలు ఆ లెక్కలో కనబడవు. పోలీసు చర్య పిమ్మట, ముఖ్యంగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో ముస్లిములపై జరిగిన హత్యాకాండ కూడ కనబడదు. ప్రభుత్వమే పంపిన పండిత సుందర్‌లాల్ సంఘం మృతులు 27 వేల నుండి 40 వేల వరకు ఉందురని అంచనా వేసినది. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రకటింపబడలేదు. పోలీసు చర్య అనే పేరే ఒక సిద్ధాంతాన్ని తనలో దాచుకొన్నది: ఇది రెండు రాజ్యాల యుద్ధం కాదు, ఇంటిలోని శాంతిభద్రతల విషయమని. పేరు మారిన మాత్రాన చనిపోయినవారి సంఖ్య మారదు.

కావున విద్యార్థులు ఒక సంఘటనను ఈ దృష్టులన్నింటితోనూ పరీక్షించుట అలవరచుకొనవలెను. ఎవరు తమను రాజ్యమనుకొన్నారు, ఎవరు ఒప్పుకొన్నారు, ఏ ఊరివారు నష్టపోయినారు అని వరుసగా అడుగవలెను. నేటి వార్తలలో ఏ దేశపు పేరు వినబడినను ఈ ప్రశ్నలు పనికివస్తవి. మునగాల నేడు సూర్యాపేట జిల్లాలోని ఒక మండలం. హైదరాబాదు విజయవాడల జాతీయ రహదారి దాని మీదుగానే పోవుచున్నది. ఆ దారిలో కళాశాలకు వచ్చే విద్యార్థి దాటే పాత ఎల్లలు ఎన్నో, వాటిని ఎవరు గీచినారో, ఎవరు చెరిపినారో తెలిసికొన్ననాడు పాఠ్యగ్రంథంలోని మొదటి అధ్యాయం అతనికి సులభమవుతుంది.