ముగ్గురు వర్తకులు, మూడు వందలు: వాటాల లెక్క ఎంత పాతది?

బడి లెక్కల పుస్తకంలో ఒక లెక్క తప్పకుండా ఉంటుంది. 300 రూపాయలను ముగ్గురికి 3:4:5 నిష్పత్తిలో పంచండి అని. చాలామంది పిల్లలు ఏం చేస్తారంటే, 300ను ముందు 3తో, తర్వాత 4తో, తర్వాత 5తో భాగిస్తారు. 100, 75, 60 వస్తాయి. కూడండి, 235. మిగతా 65 ఎటు పోయింది? పైగా 5 పాళ్లు రావలసినవాడికి అందరికంటే తక్కువ వచ్చింది! ఈ తప్పును దిద్దే పద్ధతి ఎంత పాతదో ఈరోజు చూద్దాం.

ముందు ఈజిప్టు వెళ్దాం. క్రీ.పూ. 1550 ప్రాంతంలో అహ్మెస్ అనే లేఖకుడు ఒక లెక్కల చుట్టను నకలు రాశాడు. అది ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో ఒక లెక్క: 700 రొట్టెలు, నలుగురు మనుషులు. వాళ్ల పాళ్లు మూడింట రెండు, సగం, మూడింట ఒకటి, పావు. అహ్మెస్ ముందు ఆ పాళ్లన్నీ కూడాడు. ఒకటీ ముప్పావు వచ్చింది. 700ను దాంతో భాగిస్తే 400. ఇక ఆ 400లో మూడింట రెండు ఒకడికి, సగం ఇంకొకడికి, అలా పంచుకుంటూ పోవడమే. చూశారా, పంచడానికి ముందు కూడిక!

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1150లో భాస్కరాచార్యుడు లీలావతి రాశాడు. అందులో ముగ్గురు వర్తకులు కలిసి వ్యాపారం పెట్టారు. ఒకడు 51, ఒకడు 68, ఇంకొకడు 85 పెట్టారు. అసలు, లాభం కలిపి చేతికి 300 వచ్చింది. ఎవరికెంత?

అసలు 204, కాబట్టి లాభం 96. తలా 32 తీసుకుంటే సరిపోదా అనిపిస్తుంది. కానీ ఎక్కువ పెట్టినవాడు ఊరుకుంటాడా? ఊరుకోడు, ఊరుకోనక్కర్లేదు కూడా. భాస్కరుడి సూత్రం ఏమిటంటే, ఒక్కొక్కరి పెట్టుబడిని 300తో గుణించి, పెట్టుబడుల మొత్తంతో, అంటే 204తో భాగించాలి. 75, 100, 125 వస్తాయి. లాభం మాత్రమే చూస్తే 24, 32, 40 అనమాట. సమానంగా పంచి ఉంటే, 85 పెట్టినవాడి 8 పోయి 51 పెట్టినవాడికి చేరేవి. మధ్యవాడికి తేడా ఏమీ ఉండదు, అతను నోరు మెదపడు! పేచీ మిగతా ఇద్దరి మధ్యే.

ఇంకో తమాషా చూడండి. 51, 68, 85 మూడింటినీ 17తో భాగించండి. 3, 4, 5! మనం మొదట చెప్పుకున్న బడి లెక్కే ఇది.

భాస్కరుడి కంటే ముందే, 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఈ వాటాల లెక్కలు చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే మనవాళ్లు ఎప్పుడో గణితశాస్త్రాన్ని తెలుగులో చెప్పుకున్నారు.

అసలు మన మాటలోనే ఈ లెక్క ఉంది. పాలు అంటే వాటా. ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్లు ఇసుక అంటాడు మేస్త్రి. మొత్తం ఐదు పాళ్లని విడిగా చెప్పడు, ఆయన చేతికి తెలుసు. పిల్లలు మర్చిపోయేది సరిగ్గా ఆ ఐదునే.

కాబట్టి మీ పిల్లలకి సూత్రం బట్టీ పట్టించకండి. ఒక్కటి చెప్పండి: ముందు పాళ్లు కూడు, ఒక పాలు ఎంతో తేల్చు, తర్వాత పంచు. చివర్లో వాటాలన్నీ మళ్లీ కూడి చూడు. మొత్తం తిరిగి రాకపోతే ఎవరికో అన్యాయం జరిగినట్టే.

వచ్చే భాగంలో కలుద్దాం. సెలవు.