చక్రవర్తి పాటలు నిజంగా పాడైపోయాయా?

చిలకలూరిపేటకీ ఒంగోలుకీ మధ్య ఏ ఊళ్లోనైనా సరే, యాభై దాటినవాళ్లు ఇద్దరు కూర్చుని పాత పాటల గురించి మాట్లాడితే పది నిమిషాల్లో ఈ తగువు వస్తుంది. "శారదకీ, జ్యోతికీ బాణీలు కట్టిన మనిషేనా తర్వాత ఆ డప్పుల మోత మోగించింది?" అంటాడొకాయన. "ఆ మోతకే గదా బావా నువ్వు నేల టిక్కెట్టులో చొక్కా విప్పి తిప్పింది" అంటాడు ఇంకొకాయన. ఇద్దరూ మిరప్పంట ధర గురించి కూడా అంత గట్టిగా వాదించుకోరు :-)

చక్రవర్తి గారు మా జిల్లా మనిషి. అసలు పేరు కొమ్మినేని అప్పారావు. 1936లో తాడికొండ దగ్గర పొన్నెకల్లులో పుట్టారు. ముందు పాటలు పాడారు, డబ్బింగ్ చెప్పారు. 1971లో 'మూగప్రేమ'తో సంగీత దర్శకుడయ్యారు. 2002లో చెన్నైలో పోయారు. నేను 90ల చివర్లో పుట్టినవాణ్ణి కాబట్టి ఆయన పాటలు నాకు మొదట తెలిసింది రీమిక్సుల ద్వారానే. 'యమగోల' (1977) పాట 2007లో 'యమదొంగ'లో వచ్చింది, 'దేవత' (1982) పాట 2019లో 'గద్దలకొండ గణేష్'లో వచ్చింది. అంటే నేను వెర్షన్ 2 చూసి, తర్వాత వెనక్కెళ్లి వెర్షన్ 1 వెతుక్కున్న బాపతు.

పెద్దాళ్లు చెప్పే కథ ఇలా ఉంటుంది. మొదట్లో 'శారద' (1973), 'జ్యోతి' (1976), 'పదహారేళ్ళ వయసు' (1978), ఇవన్నీ మెలొడీ. తర్వాత ఎన్టీఆర్ 'వేటగాడు' (1979), 'కొండవీటి సింహం' (1981), 'జస్టిస్ చౌదరి' (1982) వచ్చాయి, దాంతో ఆయన "కమర్షియల్" అయిపోయారు. ఆ తర్వాత ఇళయరాజా తెలుగులో పాతుకుపోయారు, ఈయన పాతబడిపోయారు. వినడానికి బాగానే ఉంది. కానీ సినిమాలూ సంవత్సరాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఈ గ్రాఫ్ ఇలా నున్నగా రాదు.

'యమగోల' 1977లోనే వచ్చింది. అంటే 'పదహారేళ్ళ వయసు' కంటే ముందు! అది కూడా మామూలు సినిమా కాదు, తమిళంలో ఇళయరాజా చేసిన దానికి రీమేక్. రెండింట్లోనూ జానకి గారే పాడారు (ఆవిడా మావైపు మనిషే, రేపల్లె దగ్గర పల్లపట్ల). పోలిక తప్పదని తెలిసీ చేసిన పని అది, తెలుగువాళ్లు ఇవాళ్టికీ ఆ పాటని చక్రవర్తి పాటగానే గుర్తు పెట్టుకున్నారు. 1981లో ఒక పక్క 'ప్రేమాభిషేకం', ఇంకో పక్క 'కొండవీటి సింహం'. 'దేవత' అయితే ఒక్క సినిమాలోనే రెండు రకాలూ ఉన్నాయి. మరి "అప్పుడు మంచివాడు, ఆ తర్వాత చెడిపోయాడు" అనే గీత ఏ సంవత్సరం దగ్గర గీస్తారు?

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే సంగతి టి. కృష్ణ. ప్రకాశం జిల్లా దర్శకుడు. 'నేటి భారతం' (1983), 'వందేమాతరం', 'ప్రతిఘటన' (రెండూ 1985), 'రేపటి పౌరులు' (1986), అన్నిటికీ సంగీతం చక్రవర్తే. అంతకుముందు అదే జిల్లావాడు మాదాల రంగారావు తీసిన 'ఎర్రమల్లెలు' (1981)కీ ఆయనే. 'ప్రతిఘటన'లో విజయశాంతి తరగతి గదిలో పాడే పాట వేటూరి గారు రాశారు, జానకి గారు పాడారు, ఇద్దరికీ నంది అవార్డులొచ్చాయి. 'వందేమాతరం' సినిమాలో పాడిన శ్రీనివాస్‌కి ఆ సినిమా పేరే ఇంటిపేరయిపోయింది. ఇవన్నీ ఆయన "పాడైపోయిన" కాలంలో చేసినవే! ఆ పాటల్లో వాద్యాల ఆర్భాటం తక్కువ, మాట స్పష్టంగా వినిపించాలి. 'వేటగాడు' వాన పాటలో మాట కంటే దరువు వినిపించాలి. రెండూ అదే మనిషి చేతిలోంచి వచ్చాయి. మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్ మారితే అవుట్‌పుట్ మారింది. కోడ్ రాసినవాడు మారలేదు.

రిక్వైర్‌మెంట్ అన్నాను కాబట్టి ఒక లెక్క. ఆయన చేసిన సినిమాలు 900 పైచిలుకు అంటారు. పాతికేళ్లకి సర్దితే ఏడాదికి 36. సినిమాకి అయిదు పాటలేసుకున్నా ఏడాదికి 180. అంటే సుమారుగా రెండు రోజులకో పాట, నేపథ్య సంగీతం అదనం. పాతికేళ్ల పాటు, సెలవు లేకుండా! మనం రెండు వారాల స్ప్రింట్‌లో నాలుగు టికెట్లు క్లోజ్ చేసి అలిసిపోయామంటాం. అది కూడా కాపీ పేస్టు లేని రోజుల్లో, మద్రాసు స్టూడియోలో ఆర్కెస్ట్రా అంతా కూర్చుని కలిసి వాయించే పద్ధతిలో. ఇంత సంఖ్యలో కొన్ని ఒకదాన్ని పోలి ఒకటి ఉండటం వింత కాదు. అభిమానులు ఒప్పుకోరు కానీ చాలా ఉన్నాయి, ఒకే దరువు మీద పల్లవి మార్చినట్టుండేవి.

ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. పాట ఎక్కడ వింటున్నారు అన్నది. రేడియో ముందు కూర్చుని వినే పాట వేరు, పెళ్లి పందిట్లో గొట్టం మైకులో వినే పాట వేరు. ఆ గొట్టం స్పీకరు మంద్రస్థాయి స్వరాల్ని దాదాపు తినేస్తుంది, మధ్య ఫ్రీక్వెన్సీలే గట్టిగా అరుస్తుంది. సన్నటి వీణ, కింది స్థాయి గొంతు అందులో పోతాయి. గట్టి పల్లవి, చప్పట్ల లాంటి తాళం మాత్రం రెండు పొలాల అవతలికి కూడా చేరతాయి. మా కోటప్పకొండ తిరునాళ్లకి శివరాత్రి రాత్రి వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆకాశమంత ఎత్తు కరెంటు ప్రభలు, ప్రతి ప్రభ దగ్గరా ఒక మైకు, ఒక స్టేజీ. పక్క ప్రభ పాటని మింగెయ్యగల పాటే అక్కడ బతుకుతుంది. నా చిన్నప్పుడు కూడా అక్కడ ఎన్టీఆర్ సినిమాల పాటలకి డ్యాన్సులు వేశారు. అప్పటికి ఆ పాటలకి పాతికేళ్ల పైమాటే. దాన్ని పాడైపోవడం అనడానికి నాకు నోరు రాదు.

మా వైపు నల్లరేగడి నేలల్లో పత్తి, పొగాకు, మిర్చి డబ్బు కళ్లజూసిన కాలం కూడా అదే. ఆ డబ్బులో కొంత సినిమాల్లోకి వెళ్లింది, హాళ్లు కట్టించింది. తర్వాత 80ల మధ్యలో తెల్లదోమ వచ్చి పత్తిని ఊడ్చేసింది, రైతులు పురుగుమందు తాగారు. టి. కృష్ణ సినిమాలు, తెల్లదోమ, పెద్ద హీరోల డ్యాన్సు పాటలు, మూడూ ఒకే నాలుగైదేళ్లలో ఒకే జనం మధ్య జరిగాయి. మా బాబాయి ఆ ఏడాది పత్తి గురించి చెప్పేటప్పుడు 'రేపటి పౌరులు' మాట రాకుండా ఉండదు.

అయితే ఇళయరాజా వాదంలో నిజం లేదా అంటే, ఉంది. 1983 చూడండి. అదే హీరో చిరంజీవి, అదే దర్శకుడు కోదండరామిరెడ్డి. 'అభిలాష'కి ఇళయరాజా, 'ఖైదీ'కి చక్రవర్తి. రెండూ ఒక దాని వెంట ఒకటి వినండి. 'అభిలాష'లో చరణాల మధ్య వచ్చే సంగీతం సొంతంగా ఒక కథ చెప్తుంది, బేస్ గిటార్ ఒక పక్కన వేరే పాట పాడుతున్నట్టుంటుంది. 'ఖైదీ'లో ఆ మధ్య భాగం డ్యాన్సు మాస్టరుకి వదిలేసిన జాగా. పాట గొంతుతోనే మొదలై గొంతుతోనే ముగుస్తుంది. చక్రవర్తి బలం పల్లవి. పల్లవి ఒక్కసారి వింటే చాలు, అంటుకుంటుంది. 'పసివాడి ప్రాణం' (1987) నాటికి కుర్రాళ్ల చెవి ఇళయరాజా పద్ధతికి అలవాటు పడింది, మరుసటి ఏడాది 'యముడికి మొగుడు' రాజ్-కోటికి వెళ్లింది. ఇక్కడ మాత్రం మా నాన్నతో ఏకీభవిస్తాను. చివరి సంవత్సరాల పాటల్లో ఆయన పల్లవి కూడా పలచబడింది.

కాకపోతే ఆ రాజ్, కోటి ఇద్దరూ చక్రవర్తి దగ్గర పనిచేసినవాళ్లే. కీరవాణి కూడా 80ల చివర్లో ఆయన దగ్గర అసిస్టెంటే. 'యమదొంగ'లో పాత 'యమగోల' పాటకి మళ్లీ ప్రాణం పోసింది కీరవాణే. 2023లో ఆయనకి ఆస్కార్ తెచ్చిన పాట వింటే గట్టి పల్లవి, డప్పు దరువు, ఇద్దరు హీరోల స్టెప్పులు. అది కోటప్పకొండ ప్రభ మీద మోగడానికి సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు మా ఆఫీసులో కీరవాణి అభిమానులు "అన్నమయ్య నాటి కీరవాణి ఏడీ" అని మొదలుపెట్టారు. నిన్న క్యాంటీన్లో మాట్లాడుతుంటే టీ చల్లారిపోయింది కానీ ఏ ఏడాది దగ్గర గీత గీయాలో తేలలేదు.